ముందే ఓ మాట చెప్పు నాన్నా

ఇలా వచ్చి కాసేపు కూర్చో నాన్నా. ఆ ల్యాప్‌టాప్ మూసెయ్, కొంపేం మునిగిపోదు.

"న్యూయార్క్ మేనేజరు నన్ను పట్టించుకోడు, వాళ్ల లెక్కలో మనం లేం" అని గచ్చిబౌలి ఆఫీసుల నుంచి ఇంటికొచ్చే పిల్లలంతా అంటుంటే వింటూనే ఉన్నాను. ఆ బాధ అబద్ధమని నేననను. నిర్ణయాలన్నీ అక్కడి గదిలో అయిపోయి, ఇక్కడికి ఒట్టి మెయిల్ వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ తప్పంతా సముద్రం మీద తోసెయ్యకు. ఎంఐటీలో థామస్ అలెన్ అనే ప్రొఫెసరు, ఇంజినీర్లలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఏళ్ల తరబడి గమనించి 1977లో పుస్తకం వేశాడు. ఒకే సంస్థలో ఇద్దరి బల్లల మధ్య ఓ 50 మీటర్లు ఉంటే చాలు, మాటలు బాగా పడిపోతాయని తేల్చాడు. మీ పై అంతస్తులో వాడితో నువ్వు మాట్లాడి ఎన్నాళ్లయింది చెప్పు? మాట ఎక్కడ తగ్గితే అక్కడ దూరం పెరుగుతుంది.

మాట తగ్గించేది చాలాసార్లు మనమే. "శుక్రవారానికి అవుతుందా?" అంటే "అయిపోతుంది" అనేస్తావు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని మేమే నేర్పాం కదా. సరే, అప్పుడు కాదనలేకపోయావు. గురువారం రాత్రి దాకా నోరు విప్పవేం? అవతలివాడు నిన్ను నమ్మి తన పైవాళ్లకు మాటిచ్చేశాడు. శుక్రవారం పని చేతికి రాకపోతే అతని పరువు పోతుంది. నిన్ను పల్లెత్తు మాట అనడు, వచ్చేసారి ఆ పని ఇంకొకరికి ఇస్తాడు. నువ్వేమో నన్ను పక్కన పెట్టారంటావు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయాక కేకేస్తే ఏం లాభం? మంగళవారమే రెండు ముక్కలు రాయి: ఫలానా చోట ఆగింది, ఇందుకు ఆగింది, సోమవారానికి ఇస్తాను అని. చెడ్డ కబురే అయినా సరే, ముందే చెప్పు.

వేళల సంగతీ అంతే. మార్చి రెండో ఆదివారం అమెరికావాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. న్యూయార్కులో పొద్దున 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. ఆ గంటతో మనింట్లో అన్నాల వేళ ఎంత జరిగిపోతుందో వాళ్లకెవరు చెప్పారు? నువ్వు చెప్పావా? లోలోపల కుమిలిపోతే వాళ్లకెలా తెలుస్తుంది? "వారంలో రెండ్రోజులు నేను రాత్రి ఎనిమిదికల్లా కాల్ నుంచి లేవాలి" అని మర్యాదగా అడిగి చూడు. వాళ్లూ పిల్లాజెల్లా ఉన్నవాళ్లే. సంక్రాంతికి ఉండనని డిసెంబరులోనే చెప్పు. నవంబరు నాలుగో గురువారం వాళ్ల థాంక్స్‌గివింగ్, ఆ రోజు అర్జంటని మెయిల్ పెట్టకు.

ఇంకొకటి, ఇది మీ అమ్మ తరఫున. కాల్ మ్యూట్‌లో పెట్టి అన్నం తింటున్నావు. ఆవిడ ఏదో అడుగుతుంది, నువ్వు వేలెత్తి ఆగమంటావు. రెండుసార్లు అడిగి ఆవిడా ఊరుకుంటోంది. న్యూయార్కువాడు దూరమయ్యాడని బాధపడుతున్నావు కదా, ఇక్కడ జరుగుతున్నదీ అదే. "తొమ్మిదికి అయిపోతుందమ్మా, కలిసి తిందాం" అని ముందే చెప్పు. చెప్పాక మాత్రం తొమ్మిదికి లే.

ఈ వారం ఎక్కడో ఆగిపోయిన పని నీ దగ్గర ఒకటి ఉండే ఉంటుంది. దాని సంగతి ఇవాళే రాసి పంపు నాన్నా, రేపటికి పెట్టకు.