తిక్కన వెనుదిరిగిన వేళ

మేత లేని ఏడు ఎట్టిదో పావగడ తాలూకాలో రాయచెర్లు వంటి ఊళ్లవారికి వేరుగా చెప్పనక్కఱలేదు. 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధికిని, ఆలమందల దొర కాటమరాజునకును పోరు వచ్చినది సింహాసనమునకై కాదు, పచ్చికకును, పుల్లరికిని.

మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన. తనవారు పలువురు మడియగా, మఱల బలము కూర్చుకొనుటకై ఆయన ఇల్లు చేరెనని కథ. భార్య చానమ్మ స్నానమునకు మంచము చాటుపెట్టి పసుపుముద్ద నుంచినది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించి, ఆ విరుగుటమీదనే ఎత్తిపొడిచినది. తిక్కన మరలిపోయి రణమున కూలెను.

చిన్ననాటినుండి మనము ఆ తల్లిని, ఆ ఇల్లాలిని మెచ్చుకొనుచునే యున్నాము. కాని రెండవసారి తిక్కనను రణమునకు పంపినది ధైర్యమా, మఱియొక భయమా? శత్రువు కత్తిని ఆయన అంతకుముందే ఎదుర్కొనెను. ఇంటివారి నవ్వునే ఎదుర్కొనలేకపోయెను.

ఫ్రెంచివారి వీరకావ్యమగు రోలాండు గీతములోను ఇదియే ముడి. 778లో రొన్సెవో కనుమలో జరిగిన పోరు దానికి మూలము. సాయమునకై కొమ్మూదుమని మిత్రుడు ఆలివరు చెప్పినను, అపకీర్తికి వెఱచి రోలాండు ఊదడు. ఊదునప్పటికి దళము దాదాపుగా నశించినది. మన తిక్కన ఆ కొమ్మును వేళకే ఊదెను. వచ్చినది సాయము కాదు, పసుపు!

చానమ్మను మేము నిందింపము. వీరపత్నికి ఆనాడు వేఱు మాట నేర్పినవారు లేరు. అయినను పిల్లలకు ఈ కథ చెప్పునపుడు, ఆ మొదటి రాకను పిఱికితనమనుటకు మాకు నోరాడదు. ఆ పూట ఇంట ఒక్కరైనను, ఇంకను ఎందఱు మిగిలియున్నారని ఆయనను అడిగియుండవలసినది.