మద్దెల ఓడేనా?

నా దగ్గరున్న నల్ల ఎలక్ట్రిక్ గిటారు నిజానికి నాది కాదు. మా పెదనాన్నగారి అబ్బాయి కువైట్ వెళ్తూ, "వచ్చేదాకా నీ దగ్గరుంచరా" అని అమలాపురంలో నా చేతికిచ్చాడు. ఏడేళ్లలో ఆ "ఉంచు" నా మనసులో మెల్లగా "ఉంచేసుకో"గా మారిపోయింది. ఎప్పుడు మారిందో నాకే తెలీదు.

ఆ గిటారుతో నాకున్న పేచీ ఒక్కటే. ఆంప్‌కి తగిలించగానే గుయ్ మని మోత. అందులో ఉన్నవి సింగిల్ కాయిల్ పికప్‌లు. పికప్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ, సుమారు 8,000 చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్‌లో కరెంటు పుడుతుంది. చిక్కేమిటంటే ఆ కాయిల్‌కి మన పాటా, గోడలోని వైరింగూ ఒకటే. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ రొదని కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. దీనికి విరుగుడు రెండో కాయిల్. దాని చుట్లూ, అయస్కాంతమూ మొదటిదానికి ఎదురుగా పెడితే రొద రొదని కొట్టేస్తుంది, తీగ శబ్దం మాత్రం మిగులుతుంది. గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్ 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టిన హంబకర్ ఇదే.

సింగిల్ కాయిల్ సైజులోనే పట్టే అలాంటివి మూడు తెప్పించి, హైదరాబాద్‌లో ఒక ఆదివారం కూర్చుని సోల్డర్ చేశాను. మోత పోయింది. నాదం కూడా ఎంత తేటపడిందో వారం రోజులు ఆఫీసులో అందరికీ చెప్పాను. తర్వాత ఇంజనీరు బుద్ధి ఊరుకోలేదు. పాతవాటితో, కొత్తవాటితో ఒకే ముక్క వాయించిన రికార్డింగులు ఉన్నాయి. మోత వినిపించే ఖాళీలు కత్తిరించి, మా ఆవిడని కలగాపులగంగా వినిపించమన్నాను. పదింటిలో ఆరు సరిగ్గా చెప్పాను. రూపాయి బిళ్ల ఎగరేసినా దాదాపు అన్నే వచ్చేవి.

డబ్బు పెట్టాక చెవి మన తరఫు సాక్షి అయిపోతుంది. అది పెద్ద తప్పేం కాదు. కానీ ఆ రికార్డింగులు వరసగా వింటుంటే ఇరవై సార్లూ ఒకటే స్పష్టంగా వినపడింది. మూడో బార్‌లో నా వేలు ఆలస్యంగా పడుతోంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నదే. మద్దెల మార్చి చూస్తే తప్ప నా దాకా రాలేదు.

అలాగని వాద్యాన్ని ముట్టుకోకూడదా? రాజోలు దాటి, దిండి దగ్గర చించినాడ వంతెన ఎక్కితే అవతల పాలకొల్లు. 1969లో అక్కడ పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌ని ఉన్నదున్నట్టు వాయించలేదు. మామూలు మాండొలిన్‌లో స్వరం మీటగానే ఆరిపోతుంది, గమకానికి అది నిలవాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. నాలుగు జంటలుగా ఉండే ఎనిమిది తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. అదీ మద్దెల మార్చడమే. కాకపోతే ఏ శబ్దం కావాలో ఆ చెవికి ముందే తెలుసు. నాకు తెలిసింది వీడియోల్లో ఎవరో చెప్పిన విశేషణాలు. ఏది లోటో తెలిసి మార్చడం వేరు, మారిస్తే లోటు పోతుందేమోనని మార్చడం వేరు. ఇంతవరకూ ఆలోచించి, సమస్య తేలిపోయిందనుకున్నాను.

సంక్రాంతికి అన్నయ్య సెలవు మీద వచ్చాడు. గిటారు ఒళ్లో పెట్టుకుని ఆంప్ స్విచ్ వేశాడు. ఒక్క క్షణం ఆగి, "మోతేదిరా?" అన్నాడు.

గర్వంగా చెప్పాను, తీసేశానని.

"ఓహో" అన్నాడు. కాసేపు వాయించాడు. తర్వాత ఎవరితోనో అన్నట్టు, "కరెంటు పోయినప్పుడు ఆంప్ ఆపకుండా వదిలేసేవాణ్ణి. రాత్రి ఎప్పుడో ఇది గుయ్ మనేది. కరెంటొచ్చిందే అని నాన్న లేచి మోటారు వేసేవారు" అన్నాడు. పెదనాన్న పోయి నాలుగేళ్లు.

నేను లోపం అనుకున్నది లోపమే, కాదనను. ఏ పుస్తకం తీసినా అదే చెబుతుంది. కానీ అప్పజెప్పిన వస్తువులో ఏది లోపమో తేల్చే హక్కు ఎవరిది? మంచికే చేశానన్నది జవాబు కాదు. వస్తువు బాగుపడింది, అది కూడా జవాబు కాదు. ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. ఎందుకు అడగలేదా అని నిజాయితీగా చూసుకుంటే, మర్చిపోయి కాదు. అడిగితే అది ఇంకా అన్నయ్యదే అని ఒప్పుకున్నట్టవుతుంది.

పాత పికప్‌లు పారేయలేదు. పూతరేకుల డబ్బాలో గిటారుతో పాటే తెచ్చాను. మార్చమని అన్నయ్య అడగలేదు. కనుమ నాడు నేనే కూర్చుని బిగించాను. మోత తిరిగొచ్చింది. మూడో బార్‌లో వేలు ఇప్పటికీ ఆలస్యంగానే పడుతోంది. ఆ ఒక్కటి సరిచేసుకోవడానికి మాత్రం నేనెవరినీ అడగక్కర్లేదు.