రెండో శల్యం

ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని తెలిశాక కూడా దాన్ని అక్కడే ఉండనివ్వడం తప్పా? కత్తి పెట్టడమే ప్రధానమైన దారిగా ఉన్న రోజుల్లో ఈ ప్రశ్న దానంతటదే గట్టిగా వినిపించేది. ప్రొస్టేట్‌ను మొత్తంగా తీసేస్తే మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య సుఖానికి దూరం కావడం చాలామందికి ఎదురయ్యే కష్టాలు. ఆ గ్రంథిని మనం పౌరుష గ్రంథి అని పిలుచుకుంటున్నామంటే, అక్కడ పోయేదేమిటో మన భాషకు ముందే తెలుసు. అంత మూల్యం చెల్లించాలి కాబట్టి రోగీ వైద్యుడూ ఇద్దరూ ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. ఇప్పుడు గాటు పడకుండానే పని ముగించే అల్ట్రాసౌండ్ చికిత్స వచ్చింది. మలద్వారం గుండా పంపిన పరికరం నుంచి బయల్దేరిన ధ్వని తరంగాలు దారిలోని కణజాలాన్ని ఏమీ చేయకుండా దాటిపోయి, బియ్యపు గింజంత చోట ఒక్కటిగా కలుస్తాయి. భూతద్దం కింద ఎండ కాగితాన్ని కాల్చినట్టు, అక్కడ వేడి కొన్ని సెకన్లలో 60 డిగ్రీలు దాటుతుంది, ఆ కణాలు చచ్చిపోతాయి. ఎంతో గొప్ప పనితనం ఇది, దీన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. నా బెంగ మరొకటి. బాధ తగ్గేకొద్దీ, ఇది అసలు అవసరమా అని అడగడం కూడా తగ్గిపోతోంది. సులువుగా చేయగలిగినంత మాత్రాన అది చేసి తీరవలసిన పని అయిపోదు.

ఈ బెంగకు ఆధారం ఉంది. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పరిశోధనలో, పీఎస్ఏ రక్తపరీక్ష ద్వారా తొలిదశ ప్రొస్టేట్ క్యాన్సర్ బయటపడిన 1,643 మందిని చీటీ తీసినట్టుగా మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఆపరేషన్, ఒక వర్గానికి రేడియేషన్, మూడో వర్గానికి చికిత్స లేకుండా పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అంతకాలంలో ఏదో ఒక కారణంతో కన్నుమూసినవారు 356 మంది, అందులో ఈ క్యాన్సర్ వల్ల పోయినవారు 45 మందే. ఏ వర్గం చూసినా ఆ మరణాలు నూటికి రెండు మూడు దగ్గరే ఆగాయి. ఇవి చదివినప్పుడు తొలిదశ ప్రొస్టేట్ క్యాన్సర్ గురించి మనసులో ఉన్న బొమ్మ కాస్త చెదరాలి. ఆ మాట వినగానే మనం ఊహించుకునే మృత్యువు, ఇక్కడ చాలామంది విషయంలో గుమ్మం దాకా కూడా రాదు.

మన వైద్య సంప్రదాయంలో ఇలాంటి స్థితిని గురించి ఆలోచించడానికి ఒక మాట ఉంది. చరక సంహిత రోగాలను సాధ్యాలు, అసాధ్యాలు అని విడదీసి ఊరుకోలేదు. అసాధ్యాలలోనే యాప్యం అని ఒక తరగతిని వేరు చేసింది. పూర్తిగా పోదు, కానీ పథ్యంతో, జాగ్రత్తతో దాన్ని కనిపెట్టుకుంటూ మనిషి బతుకు సాగించవచ్చు. ఆ మాటను యథాతథంగా తెచ్చి ఇక్కడ అతికించలేం, ఎందుకంటే తొలిదశ ప్రొస్టేట్ క్యాన్సర్ నయం చేయగలిగినదే. అయినా అందులోని ఆలోచన పనికొస్తుంది. నయం చేయడం ఒక కొస, చేతులెత్తేయడం మరో కొస అయితే, నడుమ మూడో చోటు ఒకటి ఉందనీ, అక్కడ నిలబడటం కూడా వైద్యమేననీ చరకుడు గుర్తించాడు. గీత కూడా అకర్మలో కర్మను చూడమంటుంది. ఆరు నెలలకో ఏడాదికో పీఎస్ఏ చూడటం, ఎమ్మారై తీయడం, అవసరమైతే మళ్లీ బయాప్సీ చేయడం, ఇవన్నీ చేస్తూ చేయి వేయకుండా ఆగడం ఊరికే కూర్చోవడం కాదు.

అందుకే ఈ కొత్త చికిత్సను దేనితో పోల్చి చూస్తున్నామన్నది అసలు కీలకం. ఆపరేషన్‌తో పోలిస్తే ఇది తక్కువ హింస. కనిపెట్టుకుని ఉండటంతో పోలిస్తే, ఎంత చిన్నదైనా, ఇది అదనపు హింసే. అమెరికాలో 2015లో ఔషధాలు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరికరాలకు అనుమతి ఇచ్చినప్పుడు ప్రొస్టేట్ కణజాలాన్ని నాశనం చేయడానికి అని రాసింది గానీ, క్యాన్సర్‌ను నయం చేయడానికి అని రాయలేదు. కణాలు చచ్చాయన్నది కంటికి కనిపించే విషయం, మనిషికి మేలు జరిగిందన్నది ఏళ్ల తరబడి చూసి తేల్చవలసిన విషయం. అలాగని ఈ చికిత్సకు చోటు లేదనను. మధ్యస్థ ప్రమాదం ఉన్న 101 మందికి ఎమ్మారై సాయంతో అల్ట్రాసౌండ్ చికిత్స చేసి 2022లో ప్రచురించిన అమెరికా పరిశోధనలో, రెండేళ్ల తర్వాత బయాప్సీ చేయించుకున్నవారిలో 88 శాతం మందికి, చికిత్స చేసిన చోట లెక్కలోకి తీసుకోవలసిన క్యాన్సర్ కనిపించలేదు. ఆపరేషన్ గది దాకా వెళ్లవలసిన మనిషిని వెనక్కి తీసుకురాగలిగితే అది నిజమైన కరుణ. అక్కడికి వెళ్లనవసరమే లేని మనిషిని, నొప్పి ఉండదు కదా అని బల్ల ఎక్కించడాన్ని మాత్రం కరుణ అనలేను.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. అదే బ్రిటన్ పరిశోధనలో, క్యాన్సర్ ఎముకలకో మరో చోటికో పాకినవారు కనిపెట్టుకుని ఉన్న వర్గంలో 9.4 శాతం, ఆపరేషన్ వర్గంలో 4.7 శాతం. అంటే రెట్టింపు. ప్రాణం పోకపోయినా, పాకిన రోగంతో బతకడం చిన్న బాధ కాదు. ఈ అంకెను దాచి వాదించడం అన్యాయం. కానీ అది చెప్పేది ఎవరు ఆగవచ్చో, ఎవరు ఆగకూడదో జాగ్రత్తగా ఎంచమని, అంతేగానీ అందరికీ చేయమని కాదు. తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లనూ మధ్యస్థ ప్రమాదం ఉన్నవాళ్లనూ ఒకే గాటన కట్టినప్పుడే ఈ అంకె భయపెట్టే ఆయుధంగా మారుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. లోపల క్యాన్సర్ ఉందని తెలిసి నిద్రపట్టని మనిషి బాధ బాధ కాదా? అవును, బాధే. బుద్ధుడు సల్ల సుత్తంలో చెప్పిన రెండు బాణాలు ఇక్కడ గుర్తుకొస్తాయి. ఒంటికి తగిలే బాధ మొదటి బాణం, దాని మీద మనసు పడే ఆవేదన రెండోది. బాణపు ములుకును శల్యం అంటారు, మన శస్త్రవైద్యానికి శల్యతంత్రమన్న పేరు దాని నుంచి వచ్చినదే. అల్ట్రాసౌండ్ మొదటి శల్యాన్ని కాల్చగలదు. రెండోదాని మీద దానికి పట్టు లేదు. ఎందుకంటే గ్రంథిలో మిగిలిన భాగం అలాగే ఉంటుంది, ఈ క్యాన్సర్ తరచు ఒకటికి మించిన చోట్ల పుడుతుంది. కాబట్టి చికిత్స అయ్యాక కూడా అదే పీఎస్ఏ, అదే ఎమ్మారై, మళ్లీ బయాప్సీ తప్పవు. ఏ ఎదురుచూపు భరించలేక బల్ల ఎక్కాడో, దిగాక మళ్లీ ఆ ఎదురుచూపే ఎదురవుతుంది. భయానికి చికిత్స అవసరమే. అది జరగవలసింది వైద్యుడు రోగి ఎదుట కుర్చీలో కూర్చుని, అంకెలను అతని భాషలో విడమరిచి చెప్పే ఆ అరగంటలో. మన నగరాల్లో యాభై దాటిన మగవాళ్ల హెల్త్ చెకప్ ప్యాకేజీలలో పీఎస్ఏ చేరిపోయింది, ఈ అరగంట మాత్రం ఏ ప్యాకేజీలోనూ లేదు.

రెండో శల్యం నాటుకునేది మాటతోనే అని కొందరు వైద్యులకూ తోచింది. బయాప్సీలో కణాల తీరును బట్టి ఇచ్చే గ్లీసన్ స్కోరులో 6 దగ్గర, అంటే అతి తక్కువ స్థాయిలో ఉన్న మార్పును ఇక క్యాన్సర్ అని పిలవడం మానేద్దామని 2022లో వారు ఒక వైద్య పత్రికలో ప్రతిపాదించారు. పేరు మారిస్తే రోగులు పరీక్షలకు రావడం మానేస్తారనీ, బయాప్సీలో చిక్కని ప్రమాదకరమైన కణాలు పక్కనే ఉండవచ్చనీ మరికొందరు వ్యతిరేకిస్తున్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయినా నేను మొదటివారి పక్షమే. భయం వల్ల పరీక్షలకు వచ్చే మనిషి, ఆ భయం వల్లనే అక్కర్లేని చికిత్సకూ ఒప్పుకుంటాడు.