ఫలము ఎవరిది?

దాసోహము గొప్పదని ఎరుగని శరణుల ఇల్లు లేదు. ఉన్నదానిలో పదిమందికి పెట్టుట, జంగమునకు అర్పించుట, మఠములోని పంక్తికి తన వంతు బియ్యము పంపుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఇచ్చుటను ఇంతగా మెచ్చు ధర్మమున ఒక ప్రశ్న సహజముగా పుట్టును. తన కష్టఫలమును ఒకరు బలిమితో లాగుకొనుచుండగా "ఇది నాది, ఈయను" అని నిలిచిన మనిషి లోభియా, ధర్మపరుడా?

దీనికి సమాధానము పాలకుర్తిలో దొరకును. జనగామ ప్రాంతమందలి ఈ గ్రామము వీరశైవులకు క్రొత్తది కాదు. బసవపురాణమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుని పేరుతో ముడివడిన ఊరిది. ఆ పురాణమున మడివాలు మాచయ్య కథ కలదు. మాచయ్య బట్టలుతుకు వృత్తిని శివభక్తుల సేవగా చేసి శరణులలో పూజ్యుడయ్యెను.

అదే పాలకుర్తిలో, అదే వృత్తిగల కుటుంబమున, చిట్యాల ఐలమ్మ జీవించెను. లోకము ఆమెను చాకలి ఐలమ్మ అని ఎరుగును. నిజాము పాలనలో చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు వృత్తులవారు దేశముఖుల గడీలకు కూలి లేకయే పని చేయవలసి యుండెను. దానికి వెట్టి అని పేరు. మాచయ్య ఉతికినది బట్టలే. గడీకి ఉతికినవియు బట్టలే. పని ఒకటే యైనను, మనసిచ్చి చేసినది కాయకమైనది. భయపెట్టి చేయించినది వెట్టియైనది.

ఐలమ్మ మల్లంపల్లి దొరల భూమిని కౌలుకు తీసికొని సాగు చేసెను. ఆంధ్ర మహాసభలో చేరెను. ఊళ్ళలో దానిని సంఘమనెడివారు. విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డికి ఇది కంటగింపైనది. 1940ల నడుమ, పండిన చేనును బలవంతముగా కోయించుకొని పోవుటకు ఆయన మనుష్యులను పంపెను. ఐలమ్మ వెనుదీయలేదు. సంఘ కార్యకర్తలు కర్రలు చేతబట్టి ఆమెకు అండగా నిలిచిరి. వచ్చినవారు పారిపోయిరి, ధాన్యము ఆమె ఇల్లు చేరెను. అందుకై ఆ కుటుంబము దాడులను, నిర్బంధములను అనుభవించినది. అయినను ఒక చాకలి స్త్రీ చేను నిలుపుకొన్నదన్న మాట ఊరూర పాకి, వెట్టికి తల వంచినవారిలో ధైర్యమును నింపెను. 1985 సెప్టెంబరు 10న ఆమె కన్నుమూసెను.

ఇక్కడ ఆయ్దక్కి లక్కమ్మ కథను తలచుకొనవలెను. కళ్యాణమున ఆమె భర్త మారయ్య రాలిన బియ్యము ఏరుకొని వచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు నిత్యము కన్న ఎక్కువ తేగా, మనకు కావలసినంతకు మించినది మనది కాదని ఆమె తిరిగి పంపెను. లక్కమ్మ తనది కాని గింజను ముట్టలేదు. ఐలమ్మ తనదైన గింజను విడువలేదు. రెండును ఒకే ధర్మమునకు రెండు వైపులు. తనదైనదానినే మనిషి అర్పింపగలడు. దోచబడినది దానము కాదు. దోపిడిని ఓర్చుకొనుట త్యాగమును కాదు. కాయకఫలమును కాపాడుకొన్నచోటనే దాసోహమునకు వేరు నిలుచును.

ఈ సత్యమును నిరుపేద స్త్రీలు ఇతరచోట్ల కూడ చాటిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు, ఇంటి కూలి డబ్బు సారా దుకాణమునకు పోవుట చూచి ఆ దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశమున సారా నిషేధమునకు దారి తీసెను. సముద్రములకు ఆవల కెన్యాలో, 1977లో వంగారి మాతాయి ఆరంభించిన ఉద్యమమున పల్లె స్త్రీలు నారు పెంచి, బ్రదికిన మొక్కకు కొద్ది ప్రతిఫలము పొందుచు, కోట్ల చెట్లు నాటిరి. కష్టమునకు ఫలము దక్కినచోట ఆ కష్టము ఊరికంతటికి నీడయైనది.

ఇప్పుడు ప్రశ్న మన గడపకే వచ్చును. టేకుమట్ల మొదలు పాలకుర్తి వరకు నాట్లు వేయు చేతులు, కలుపు తీయు చేతులు ఎక్కువగా స్త్రీలవి. సమాన పనికి సమాన వేతనమను చట్టము 1976లోనే వచ్చినది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కును 2005 నాటి సవరణ దేశమంతటికి ఇచ్చినది. చట్టము కాగితముపై నున్నను, కూలి లెక్కించువేళ, పట్టాలో పేరు వ్రాయించువేళ మన మనసు ఏమి చెప్పుచున్నది?

మఠములోని పంక్తికి ఒక బస్తా బియ్యము పంపు గృహస్థు, దానిని పండించిన స్త్రీకి పూర్తి కూలి ముట్టినదా అని ముందుగా విచారించుకొనవలెను. ముట్టని యెడల ఆ బియ్యము ఇంకను అతనిది కాలేదు. తనది కానిదానిని లింగమునకు ఎట్లు అర్పించును?