మాధవుడి కోనేరు

అస్సాంలో గువాహటికి దగ్గర్లో హాజో అని ఓ ఊరుంది. అక్కడి హయగ్రీవ మాధవుడి గుడి కోనేట్లో మెత్తటి డిప్పల నల్ల తాబేళ్లు ఈదుతుంటాయి. కూర్మావతారమని నమ్మి ఎవరూ వాటి జోలికి పోరు. బయట నదుల్లో మాత్రం మాంసానికీ గుడ్లకూ వేటాడేశారు. 2002లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ జాతి ప్రకృతిలో అంతరించిందని ప్రకటించింది. ఆ కబురు కోనేటి మెట్లదాకా వచ్చినట్టు లేదు!

చిక్కల్లా గుడ్లతోనే. తాబేలు నేలలో గుంట తీసి గుడ్లు పెడుతుంది. గట్టంతా సిమెంటు చేస్తే పాపం ఎక్కడ తవ్వుతుంది? అందుకే ఆ గుడ్లు ఏరి, జాగ్రత్తగా పొదిగించి, 2019లో పిల్లల్ని పోబితొరా అభయారణ్యంలోని నీళ్లలో వదిలారు.

అన్నట్టు, మన శ్రీకూర్మం గుడిలోనూ తాబేళ్లున్నాయి. అవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద తిరిగేవి.