కొండలు కాచిన దేశం



భూటాన్‌కు హిమాలయాలే ప్రహరీగోడ, బౌద్ధమే ఊపిరి. కోటల్లాంటి కట్టడాల్లో ఒకవైపు మఠం, మరోవైపు ప్రభుత్వ కచేరీ. 1999 వరకు అక్కడ టెలివిజన్ ప్రసారాలే లేవు! కొత్తదనాన్ని ఆచితూచి రానిచ్చిన ఆ జాగ్రత్తను మనం మెచ్చుకుంటాం. పిల్లలు టి.వి. ముందు నుంచి లేవని ఇళ్లలో మరీనూ.

అయితే దక్షిణపు పల్లపు ప్రాంతాల్లో ఎన్నో తరాలుగా నేపాలీ మాట్లాడేవారున్నారు, ఎక్కువమంది హిందువులు. 1989లో జాతీయ వస్త్రధారణ వారికీ తప్పనిసరైంది, బడుల్లో నేపాలీ బోధన ఆగింది. 1990ల మొదట్లో సుమారు లక్షమంది నేపాల్‌లోని శిబిరాలకు చేరారు. సంస్కృతిని కాపాడుకోవడానికి పొరుగువాణ్ణి పోగొట్టుకోవచ్చునా? కూడదనే నా మనస్సాక్షి చెబుతోంది. మీరూ ఆలోచించండి.

2007 తర్వాత వారిలో అత్యధికులు అమెరికా తదితర దేశాలకు తరలిపోయారు. అక్కడ ఎవరైనా అడిగితే, తాము భూటాన్ వాళ్లమనే చెబుతారు.