పిల్లల ఉదయం ఎవరి చేతుల్లో?

ఆదివారం దర్సె ఖుర్ఆన్ ముగిశాక పరదా వెనుక నుంచి ఒక సోదరి చీటీ పంపారు. "మా అబ్బాయికి ఆరేళ్ళు. పొద్దున టీవీలో కార్టూన్ పెడితేనే పక్క దిగుతాడు, పెడితేనే నోరు తెరుస్తాడు. ఏడూ ముప్పావుకి స్కూలు ఆటో వచ్చేస్తుంది. టీవీ లేకుండా వాణ్ణి తయారు చేయడం నా వల్ల కావడం లేదు. ఇది పాపమా?" అని అందులో ఉంది.

చీటీ పైకి చదవగానే ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన "ఆ పెట్టెను బయట పారేయమనండి, సమస్యే ఉండదు" అన్నారు. నలుగురూ తలలూపారు. మేము మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఎందుకంటే ఆ రోజు పొద్దున మా ఇంట్లో కూడా టీవీ మోగుతూనే ఉంది. దాన్ని పెట్టింది పిల్లలు కాదు. ఫజ్ర్ నమాజు చేసి వచ్చి, వార్తల కోసం మేమే పెట్టాం.

అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాయాలనిపించింది.

ప్రియ పాఠకులారా! టీవీ ధర్మసమ్మతమా కాదా అన్న చర్చలోకి ఇక్కడ వెళ్ళడం లేదు. ఆ విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అశ్లీలం టీవీలో చూసినా, అరచేతిలోని ఫోనులో చూసినా అశ్లీలమే, అందులో ఎవరికీ సందేహం లేదు. ఆ సోదరి అడిగింది అది కాదు. పిల్లవాడు చూసేది మామూలు కార్టూనే అనుకుందాం. అప్పుడు మనం ఆలోచించవలసింది ఆ పెట్టె గురించి కాదు, ఆ సమయం గురించి.

ఉదయం మామూలు సమయం కాదు. తన సమాజానికి తొలి వేళల్లో శుభం ప్రసాదించమని మహాప్రవక్త ముహమ్మద్ (స) అల్లాహ్‌ను వేడుకున్నారు. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ సఖ్ర్ గామిదీ (రజి) వర్తకుడు. ఆయన ఆ దుఆను విని ఊరుకోలేదు. తన సరుకును పొద్దున్నే పంపడం అలవాటు చేసుకున్నారు, సంపన్నులయ్యారు. (అబూ దావూద్, తిర్మిజీ)

మరో హదీసు పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసిన అనుభవమే. మనిషి నిద్రపోయినప్పుడు షైతాన్ అతని తల వెనుక మూడు ముడులు వేస్తాడు. లేచి అల్లాహ్‌ను స్మరిస్తే ఒక ముడి ఊడుతుంది, వుజూ చేస్తే రెండోది, నమాజు చేస్తే మూడోది. ఆ మనిషి హుషారుగా, మంచి మనసుతో తెల్లవారతాడు. లేకపోతే చిరాకుతో, బద్ధకంతో తెల్లవారతాడు. (బుఖారీ, ముస్లిం) ఆరేళ్ళ పిల్లవాడిపై నమాజు విధి కాదు. ఏడో ఏట నుంచి నమాజు చేయమని చెప్పాలన్నది ప్రవక్త (స) ఆదేశం. కానీ ఏడో ఏట చెప్పవలసిన మాటకు ఆరో ఏటే నేల దున్ని ఉంచాలి కదా! కళ్ళు నులుముకుంటూ లేచిన పిల్లవాడి మొదటి చూపు తెరపై పడితే, మొదటి మాట కార్టూన్ బొమ్మది అయితే, నిద్ర లేచాక చదివే దుఆకు చోటెక్కడ? ముఖం కడిగించడానికే బతిమాలవలసి వస్తుంది.

అలాగని ఉదయం అంటే ముఖం ముడుచుకుని కూర్చునే వేళ అనుకోకండి. దైవప్రవక్త (స) ఫజ్ర్ తర్వాత సూర్యోదయం దాకా నమాజు చేసిన చోటే కూర్చునేవారు. సహాబాలు తమ అజ్ఞానకాలపు రోజుల ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకునేవారు. ఆయన చిరునవ్వు నవ్వేవారు. హజ్రత్ జాబిర్ బిన్ సమురా (రజి) చెప్పిన ఈ మాట సహీహ్ ముస్లింలో ఉంది. పొద్దున్నే మనుషులు కలిసి కూర్చోవడం, ముచ్చట్లాడుకోవడం, నవ్వుకోవడం ప్రవక్త (స) సన్నిధిలో జరిగిన పని. మన ఇళ్ళలో ఆ నవ్వులు కూడా టీవీ నుంచే వస్తున్నాయి. మనం నవ్వడం లేదు.

ఇక తిండి సంగతికి వద్దాం. చీటీలోని అసలు బాధ అదే.

హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తండ్రి అబూ సలమా (రజి) ఉహద్ యుద్ధంలో తగిలిన గాయం తిరగబెట్టి మరణించారు. తల్లి ఉమ్మె సలమా (రజి) దైవప్రవక్త (స) సతీమణి కావడంతో ఈ పిల్లవాడు ఆయన పెంపకంలోకి వచ్చాడు. ఒకరోజు భోజనం దగ్గర పిల్లవాడి చెయ్యి పళ్ళెమంతా తిరుగుతోంది. ప్రవక్త (స) కోప్పడలేదు. బిస్మిల్లాహ్ చెప్పమనీ, కుడిచేత్తో తినమనీ, తన ముందున్న వైపు నుంచి తినమనీ నేర్పారు. ఆ తర్వాత తన తిండి తీరు ఎప్పుడూ అదేనని ఉమర్ (రజి) పెద్దయ్యాక చెప్పుకున్నారు. (బుఖారీ)

ఈ హదీసును మనం పిల్లల చేత కంఠస్థం చేయిస్తాం. మక్తబ్ పరీక్షలో అడుగుతాం. కానీ ఆ మాటలు ఎలా పుట్టాయో ఒక్కసారి చూడండి. పిల్లవాడి చెయ్యి ఎటు పోతోందో ఆయన చూశారు. చూడాలంటే పక్కన కూర్చుని ఉండాలి, ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టి ఉండాలి. అరబ్బు తెగలన్నిటి వ్యవహారాలు తలపై ఉన్న మనిషి, ఒక చిన్నపిల్లవాడి వేళ్ళు పళ్ళెంలో ఎక్కడ తిరుగుతున్నాయో గమనించేంత దగ్గరగా కూర్చున్నారు. మూడు చిన్న మాటలు ఒక జీవితానికి సరిపోయాయి.

ఇప్పుడు మన ఇళ్ళలో ఉదయం ఏడు గంటల దృశ్యం చూడండి. పిల్లవాడి కళ్ళు టీవీ మీద ఉంటాయి. తల్లి ఒక చేత్తో బెల్టు బిగిస్తూ మరో చేత్తో ముద్ద పెడుతుంది. వాడు నోరు తెరుస్తాడు, నములుతాడు, మింగుతాడు. బిస్మిల్లాహ్ ఎవరన్నారో తెలియదు. కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్న ప్రశ్నే లేదు, వాడి చేతులకు పనే లేదు. మా మనవణ్ణి ఒకరోజు బడి నుంచి రాగానే అడిగాం, "పొద్దున ఏం తిన్నావు నాన్నా?" అని. వాడు చాలాసేపు ఆలోచించి "తెలియదు దాదా" అన్నాడు. మా ఇంటి కోడలు ఐదింటికే లేచి పిండి కలిపి దోసెలు పోసింది. అల్లాహ్ ఇచ్చిన ఉపాధి కడుపులోకి పోయింది, దాని పేరు కూడా వాడికి తెలియదు. అల్‌హందులిల్లాహ్ అని దేనికి అంటాడు?

వైద్య పరిశోధకులూ ఈ దిశలో ఆలోచించారు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో 60 మంది నాలుగేళ్ళ పిల్లలపై జరిపిన ఒక అధ్యయనం 2011లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. కొందరికి వేగంగా దృశ్యాలు మారిపోయే కార్టూన్ తొమ్మిది నిమిషాలు చూపించారు, కొందరికి నెమ్మదిగా సాగే విద్యా కార్యక్రమం చూపించారు, కొందరికి రంగులిచ్చి బొమ్మలు గీసుకోమన్నారు. వెంటనే పరీక్షిస్తే, వేగపు కార్టూన్ చూసినవాళ్ళు ఏకాగ్రతలోనూ, ఓపిక పట్టడంలోనూ బొమ్మలు గీసినవాళ్ళకంటే బాగా వెనుకబడ్డారు. ఆ ప్రభావం ఎంతసేపు నిలిచిందో ఆ పరీక్ష చెప్పదు, మనం పెంచి చెప్పకూడదు. కానీ మన పిల్లలు చూసేది తొమ్మిది నిమిషాలు కాదు. చూసి నేరుగా వెళ్ళి కూర్చునేది తరగతి గదిలో.

అన్నిటికంటే బాధాకరమైన ఘట్టం ఆటో హారన్ మోగాక వస్తుంది. టీవీ కట్టేస్తారు. పిల్లవాడు ఏడుస్తాడు. బొమ్మ సగంలో ఉంది మరి! తల్లి అరుస్తుంది, ఒక్కోసారి వీపు మీద ఒకటి వేస్తుంది. ముక్కు చీదుకుంటూ సంచి తగిలించుకుని వాడు గడప దాటతాడు. దారిన పోయే పిల్లలకు సైతం తానే ముందుగా సలాం చెప్పిన ప్రవక్త (స) అనుచర సమాజంలో, ఇంటి బిడ్డ సలాం చెప్పకుండా, చెప్పించుకోకుండా బడికి వెళ్తున్నాడు. మళ్ళీ సాయంత్రం దాకా వాడి ముఖం కనబడదు.

"పిల్లల్ని మరిపించడం తప్పా?" అని ఎవరైనా అడగవచ్చు. తప్పు కాదు. సహాబా స్త్రీలు ఆషూరా రోజున చిన్నపిల్లల చేత ఉపవాసం పాటింపజేసేవారు. ఆకలికి ఏడిస్తే ఉన్నితో చేసిన బొమ్మలిచ్చి ఇఫ్తార్ వేళ దాకా మరిపించేవారని హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) తెలిపారు. (బుఖారీ, ముస్లిం) ఎంత చక్కని తల్లులు! అయితే వాళ్ళు బొమ్మ ఇచ్చింది బిడ్డకు ఓర్పు నేర్పడానికి. మనం బొమ్మ చూపిస్తున్నది బిడ్డ తాను తింటున్న సంగతే మరిచిపోవడానికి. పైగా ఉన్ని బొమ్మను పిల్లవాడే ఆడిస్తాడు. టీవీ బొమ్మ పిల్లవాణ్ణి ఆడిస్తుంది.

కొందరు సోదరులు మరో ఉపాయం చెబుతారు. కార్టూన్ బదులు ఖిరాత్ పెడితే సరిపోతుందని. ఉద్దేశం మంచిదే. కానీ దివ్యఖుర్ఆన్ పారాయణం జరుగుతున్నప్పుడు శ్రద్ధగా విని మౌనంగా ఉండాలని 'ఆరాఫ్' సూరా 204వ ఆయతు బోధిస్తోంది. కుక్కరు ఈలలు, సాక్సుల కోసం వెతుకులాట, అరుపుల మధ్య ఖిరాత్ మోగుతుంటే, ఖుర్ఆన్ అంటే పట్టించుకోనవసరం లేని ఒక శబ్దమని బిడ్డకు రోజూ నేర్పుతున్నట్లే. దానికి బదులు తండ్రి పక్కన కూర్చుని ఒక్క చిన్న సూరా తన నోటితో చదవడం వెయ్యి రెట్లు మేలు.

తండ్రి అన్నాం కదా, ఇక ఆ మాటకే వస్తాం. ఈ సమస్య గురించి మాట్లాడే ప్రతి చోటా తల్లిని నిలదీయడం మాకు నచ్చదు. నీళ్ళు పట్టేది, బాక్సులు కట్టేది, జడలు వేసేది, యూనిఫారం ఇస్త్రీ చేసేది ఆమే. ఆమెకు నాలుగు చేతులు లేవు కనుక ఐదో చెయ్యిగా టీవీని పెట్టుకుంది. ఆ చెయ్యి మనది కావలసింది. ఫజ్ర్ నమాజు నుంచి వచ్చిన మగవాళ్ళు చాలామంది మళ్ళీ పడుకుంటారు, లేదా వార్తలు పెడతారు, లేదా ఫోను తీస్తారు. నమాజు చేయమని ఇంటివారిని ఆదేశించమని చెప్పిన 'తాహా' సూరా 132వ ఆయతు, ఆ వెంటనే నీవు కూడా దానిపై స్థిరంగా ఉండమంటోంది. ఆజ్ఞలో సగం పిల్లలకు వినిపించి, మిగతా సగం మన దాకా రానివ్వడం లేదు.

ఇంకో సంగతి. పిల్లవాడి ఉదయం రాత్రే పాడవుతుంది. ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తర్వాత కబుర్లనూ ప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు. (బుఖారీ) మన ఇళ్ళలో పదకొండు దాకా సీరియలో, క్రికెట్టో, ఫోనో నడుస్తుంది. పిల్లవాడు ఆ వెలుతురులోనే ఎప్పుడో నిద్రపోతాడు. అలాంటివాణ్ణి ఆరున్నరకు లేపాలంటే ఎర వేయక తప్పదు. ఆ ఎర పేరే కార్టూన్. జనవరిలో హైదరాబాదులో సూర్యుడు ఉదయించేదే దాదాపు ఏడింటికి పావు గంట ముందు. ఏడూ ముప్పావుకి ఆటో. ఉన్నది సరిగ్గా ఒక గంట. రాత్రి తొమ్మిదింటికి దీపం ఆర్పని ఇంట్లో ఆ గంట ఎవరికీ దక్కదు.

తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళ సంగతేమిటని అడుగుతారు. మన కడప, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో అలాంటి ఇళ్ళు ఎన్నో. ఇక్కడ ఏడైతే దుబాయిలో ఐదున్నర, రియాద్‌లో నాలుగున్నర. ఫజ్ర్ కోసం లేచే తండ్రి ఆ వేళ రెండు నిమిషాలు ఫోనులో బిడ్డకు సలాం చెప్పి, బిస్మిల్లాహ్ అనిపించి, "ఏం తింటున్నావు?" అని అడగవచ్చు. ఇదీ తెరే కదా అంటే, అవును, తెరే. కానీ దాని వెనుక తండ్రి ఉన్నాడు.

ఆ సోదరికి మేము చెప్పిన జవాబు ఇంతే. అది పాపమని మేము ఫత్వా ఇవ్వలేం, మేము ముఫ్తీలం కాము. కానీ నష్టమని మాత్రం గట్టిగా చెప్పగలం. బడి ఉన్న రోజుల్లో పొద్దున తెర వద్దు, పెద్దలకు కూడా వద్దు. మీవారు ఫజ్ర్ నుంచి రాగానే పిల్లవాడి పళ్ళెం ఆయన ముందు పెట్టండి. మొదటి వారం వాడు ఏడుస్తాడు, సగం తిని లేస్తాడు. సగం కడుపుతో బడికి పోయిన పిల్లవాడు ఇంటర్వెల్‌లో బాక్సు ఖాళీ చేస్తాడు, భయపడకండి. చూడనివ్వాలనుకుంటే సెలవురోజు జుహర్ తర్వాత పక్కన కూర్చుని చూడనివ్వండి. హబషీలు మస్జిదులో బల్లేలతో ఆడుతుంటే హజ్రత్ ఆయిషా (రజి) చూసినంతసేపూ ప్రవక్త (స) ఆమె కోసం నిలబడే ఉన్నారు.

ఇంటికి వచ్చి మేము కూడా ముందు మా వార్తలు మానుకున్నాం. ఇది చెప్పినంత సులువు కాదు, మూడు రోజులు చెయ్యి రిమోట్ కోసం తడుముకుంది. మనవడు మొదటిరోజు పళ్ళెం తోసేశాడు. నాలుగో రోజు మా పళ్ళెంలోనే చెయ్యి పెట్టాడు. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి, "ఆ అబ్బాయి చెయ్యి పళ్ళెమంతా ఎందుకు తిరిగింది దాదా?" అన్నాడు. "ఆకలి వేసి ఉంటుంది నాన్నా" అన్నాం. వాడు కిందకి చూసుకున్నాడు. వాడి చెయ్యి మా వైపు చట్నీలో ఉంది. ఇద్దరం నవ్వుకుంటుండగానే వీధిలో ఆటో హారన్ మోగింది.